ఆగిన చోట చుక్క

మేడ మీది గది
ఫిబ్రవరి

పిట్టా,

ముందు నీ ఒంట్లో ఎలా ఉందో చెప్పు. పోయినసారి వచ్చినప్పుడు వెళ్లేముందు దగ్గావు. దుమ్ము అన్నావు. దుమ్ముకైతే అంత లోపలి నుంచి రాదు దగ్గు. తగ్గిందా? మీ అమ్మ నడుము ఎలా ఉంది? వార్డులో అందర్నీ లేపి కూర్చోబెట్టే నర్సు, తన నడుము మాత్రం ఒక్క డాక్టరుకూ చూపించుకోదు. మీ నాన్న కడుపులో మంట తగ్గిందా, ఎవరికీ చెప్పకుండా ఇంకా మాత్రలు చప్పరిస్తున్నాడా? తమ్ముడి చీలమండ వాపు దిగిందా? దిగినా కుంటుతున్నాడేమో మీ అమ్మను వెనక నుంచి చూడమను, ఎదురుగా చూస్తే దాచేస్తాడు. నీ గదిలో ఉండే అమ్మాయి ఆ పన్ను పీకించుకుందా? ఆ పిల్ల నాకేమీ కాదనుకో. కాని ఎప్పటికప్పుడు వాయిదా వేస్తోందని నువ్వు రాసినప్పటి నుంచి ఇక్కడ నా దవడ సలుపుతోంది.

ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. నా చెవికి ఫోన్లో నీ గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టు ఉంటుంది. పెట్టేశాక నువ్వు ఏం చెప్పావో తెలియక రోజంతా గుంజాటన పడతాను. కాగితం మీదైతే మళ్లీ మళ్లీ చూసుకోవచ్చు.

మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ పెద్దమ్మమ్మ, మా వదిన, నాకంటే పెద్దదై ఉండి నాకంటే ముందు మెట్లు దిగుతుంది. ఆవిడకు చదువూ రాదు, భయమూ రాదు. తాతయ్య పోయాక ఈ రెండు గదుల్లో ఆవిడ ధైర్యం, నా భయం సరిసమానంగా సర్దుకుని కాలక్షేపం చేస్తున్నాం. కింద షాపులో కుట్టుపని ఆవిడ మిషను పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఆగదు. ఆగితే ఏమైందోనని నేను తొంగిచూస్తాను.

ఉండు, గ్యాస్ కట్టేశానో లేదో చూసి వస్తాను.

కట్టే ఉంది.

నీ కొత్త ఉద్యోగం సంతోషమే. కాని కంప్యూటర్‌లో పని ఎలా చేయాలో చెప్పే పుస్తకంలో తప్పులు దిద్దడం ఏం ఉద్యోగమో నాకు బోధపడలేదు. రాసేవాడినే సరిగ్గా రాయమనొచ్చు కదా? వదినతో చెబితే, "అంటే ఒకరు తిని వదిలిన కంచం కడిగే పనన్నమాట" అంది. ఆవిడ నోరు అంతే, మనసులో పెట్టుకోకు. జూన్ దాకా చూసి, నచ్చితేనే ఉంచుకుంటాం అన్నారని రాశావే, ఆ ఒక్క ముక్క నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. నచ్చకపోతే?

పైగా ఆ పేజీలు నన్ను చదవమంటున్నావు. నేను ఐదో తరగతి మధ్యలో మానేసినదాన్ని తల్లీ. నా వల్ల నీ ఉద్యోగానికి ముప్పు వస్తే మీ అమ్మ నన్ను బతకనిస్తుందా? బాగా ఆలోచించుకుని రాయి. దగ్గు సంగతి మరచిపోకు.

మీ అమ్మమ్మ

*

ఆఫీసు, మూడో అంతస్తు, ప్రింటర్ పక్క బల్ల
ఫిబ్రవరి

అమ్మమ్మా,

దగ్గు లేదు. అమ్మ నడుము అలాగే ఉంది. నాన్న మాత్రలు చప్పరిస్తూనే ఉన్నాడు, ఇప్పుడు జేబులో కాకుండా కళ్లజోడు పెట్టెలో దాస్తున్నాడు. తమ్ముడు పరుగెడుతున్నాడు. మా గది అమ్మాయి పన్ను ఇంకా నోట్లోనే ఉంది.

నా పని చెబుతాను విను. ఆసుపత్రుల్లో కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ మాది. చీటీ ఇవ్వాలన్నా, పేరు ఎక్కించాలన్నా, మంచం ఖాళీగా ఉందో లేదో చూడాలన్నా దాన్లోనే. ఎలా వాడాలో చెప్పే పుస్తకాన్ని ముందు ఇంగ్లీషులో రాస్తారు, తర్వాత ఒక మెషీన్ దాన్ని తెలుగు చేస్తుంది. ఇంగ్లీషులో ఒక మనిషి గురించి చెబుతూ ఉండగానే, ఆ మనిషికే ఇంకో సంగతి తగిలించడానికి చిన్న చిన్న మాటలుంటాయి. మెషీన్ వాటన్నిటినీ "ఎవరైతే", "ఏదైతే" అని దించేస్తుంది. చూడు:

"ఏ రోగి అయితే నిన్న చేర్చబడ్డాడో, ఎవరి వివరాలైతే పూర్తిగా లేవో, అతను ఏ మంచమైతే ఖాళీగా ఉందో దానికి మార్చబడవచ్చు."

నేను ఇలా దిద్దుతాను: "నిన్న చేరిన రోగి వివరాలు పూర్తిగా లేకపోయినా, ఖాళీగా ఉన్న మంచానికి మార్చవచ్చు." అంతే. వాక్యానికి మొలిచిన తోకలు కత్తిరించడం నా ఉద్యోగం. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే తోకలే.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. దిద్దిన పేజీని ఈ పనితో ఏ సంబంధమూ లేని బయటి మనిషి చదవాలి. తప్పులు వెతకక్కర్లేదు. మామూలుగా చదువుతూ, ఎక్కడ ఆగిపోయి మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. చుక్క ఉన్న పేజీ తిరిగి నా బల్ల మీదికి వస్తుంది. చుక్క లేని పేజీ పాసైనట్టు. బయటి మనిషిని ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలి. పక్క బల్ల అతను వాళ్ల ఇంటి ఓనర్‌ను తెచ్చుకున్నాడు. నేను నీ పేరు రాసి ఇచ్చాను.

ఐదో తరగతి మధ్యలో మానేశావు కాబట్టే ఇచ్చాను. అర్థం కాకపోయినా అర్థమైనట్టు తలూపేవాళ్లు ఆఫీసులో చాలామంది ఉన్నారు. నువ్వు అలా ఊపలేవు.

మొదటి కట్ట దీనితోపాటే పంపుతున్నాను.

పిట్ట

*

మేడ మీది గది, కిటికీ దగ్గర
మార్చి

పిట్టా,

కట్ట చేరింది, చదివాను, తిరిగి పంపుతున్నాను. నన్ను తిట్టకు. పేజీల నిండా చుక్కలే. వదిన పక్కన కూర్చుని, "ఏమే, కాగితానికి దోమలు కుట్టాయా?" అంది.

నాకు చదువుతున్నంతసేపూ ఒంట్లో నిలకడ లేదు. ప్రతి వాక్యంలోనూ ఎవరో ఒక రోగి ఉన్నాడు, వాడికి ఏదో ఒకటి జరుగుతోంది, ఆ తర్వాత ఏమైందో చెప్పకుండా ఇంకో పేరాకు వెళ్లిపోతారు. రెండో పేజీలో ఒకాయనను మంచం మార్చమన్నారు. మార్చారా? ఆయన తరఫువాళ్లకు ఎవరైనా చెప్పారా? వాళ్లు వచ్చి ఖాళీ మంచం చూసి గుండె ఆగి చస్తారు కదా? అక్కడ ఒక చుక్క పెట్టాను.

నాలుగో పేజీ చూసి లేచి గది అంతా తిరిగాను. "రోగిని తొలగించు" అని ఉంది. దాని కింద, "తొలగించిన రోగిని తిరిగి తీసుకురాలేరు" అని ఉంది. ఇంత మాట ఇంత చల్లగా రాస్తారా? మీ అమ్మ పనిచేసేది కూడా ఆసుపత్రిలోనే. వదినకు చదివి వినిపిస్తే, "పోయినవాళ్లు ఎలా వస్తారే, సరిగ్గానే రాశారు" అంది. నేను మాత్రం అక్కడ చుక్క కాదు, పెన్సిల్ ముక్కు విరిగేంత గుంట పెట్టాను.

అయినా ఒక మాట చెప్పనా? భయపడుతూనే ఉన్నా, కట్ట అయిపోయాక చేతులు ఖాళీగా అనిపించాయి. రోజూ అన్నం గిన్నెలు కడిగి కిటికీ దగ్గర కూర్చుంటే వచ్చేపోయేవాళ్ల గురించి దిగులు పడటం తప్ప నాకు పనేముంది? ఈ నాలుగు రోజులూ నా దిగులుకు జీతం లేకపోయినా ఉద్యోగం దొరికినట్టు ఉంది. ఇంకో కట్ట ఉంటే పంపు. చుక్కలు ఎక్కువైతే నీ మీద కోప్పడతారా? కోప్పడితే చెప్పు, తక్కువ పెడతాను.

వాన వచ్చేలా ఉంది. గొడుగు లేకుండా ఆఫీసుకు వెళ్లకు.

మీ అమ్మమ్మ

*

ఆఫీసు, ప్రింటర్ పక్క బల్ల
మార్చి

అమ్మమ్మా,

తక్కువ పెట్టకు! ఆగిన ప్రతిచోటా పెట్టు. అదే నీ పని.

నీ కట్ట చూసి పక్క బల్ల అతను, "మీ బయటి మనిషి చదివిందా, మిరియాలు చల్లిందా?" అన్నాడు. పెద్దసారు మాత్రం నవ్వలేదు. నాలుగో పేజీలోని గుంట మీద వేలు పెట్టి చూసి, "ఈవిడ ఇక్కడ నిజంగా భయపడింది" అన్నారు. ఇప్పుడు అక్కడ "ఈ పేరును లిస్టులోంచి తీసెయ్యి" అని ఉంటుంది. మంచం మారిన ఆయన తరఫువాళ్లకు కబురు వెళ్తుందట, అది వేరే అధ్యాయంలో ఉంది. నిశ్చింతగా ఉండు.

జూన్ ఆఖరుకు పుస్తకం మొత్తం చుక్కల్లేకుండా పాసవ్వాలి. అయితే ఉద్యోగం ఖాయం. కాకపోతే నా బల్ల ఇంకొకరికి ఇస్తారు. దాచడం ఎందుకు, రాత్రుళ్లు నాకూ ఇదే ధ్యాస. రెండో కట్ట పంపుతున్నాను.

పిట్ట

*

మేడ మీది గది
ఏప్రిల్

పిట్టా,

ఇంకొకరికి ఇస్తారా? నీ బల్లను? కూర్చున్నదాన్ని లేచి తలుపు గడియ చూసుకుని వచ్చాను. ఆ బల్లకూ మా తలుపుకూ ఏం సంబంధమో నాకే తెలియదు.

రెండో కట్ట పంపుతున్నాను. ఈసారి చుక్కలు బాగా తగ్గాయి, నువ్వే చూస్తావుగా. నీ చెయ్యి తిరిగింది.

ఇక్కడ కొత్త సంగతులేం లేవు. వీధి దీపాలు మార్చినట్టున్నారు. సాయంత్రం కిటికీలోంచి చూస్తే ఒక్కో దీపం చుట్టూ ఉన్ని ఉండ చుట్టినట్టు తెల్లగా కమ్ముకుని ఉంటోంది. వదినను అడిగితే, "ఎవరూ మార్చలేదు, ఎప్పటివే" అంది. ఆవిడ ఏదీ పట్టించుకోదులే. కుట్టుపని ఆవిడ ఈ మధ్య షాపు కట్టేశాక పైకి వస్తోంది, కబుర్లకు. ఆవిడ పదో తరగతి దాకా చదివింది. గొంతు బాగుంటుంది, మాట మాట విడదీసి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి చదువుతుంది. పేపరు గురించి చెబుతున్నాను.

మీ అమ్మకు ఇంటి సంగతులన్నీ రాయకు. ఆ మనిషికి పని ఎక్కువ.

మీ అమ్మమ్మ

*

ఆఫీసు, ప్రింటర్ పక్క బల్ల
మే

అమ్మమ్మా,

మూడో కట్టలో మొత్తం కలిపి నాలుగే చుక్కలు! పేజీలు అందరికీ చూపించాను. పక్క బల్ల అతని ఇంటి ఓనర్ ఇంకా ప్రతి పేజీకీ పది పెడుతున్నాడు. "నీకు పని పట్టుబడింది" అన్నారు పెద్దసారు. ఆ మాటకు మధ్యాహ్నం అన్నం తినకుండానే కడుపు నిండింది. ఏప్రిల్ పేజీలను ఒక ఆసుపత్రి కౌంటర్‌కు పంపారు, వాడి చూడటానికి.

నీ ఉత్తరంలో లైన్లు ఎందుకు కుడివైపుకు జారిపోతున్నాయి? చివరి లైను దాని పై లైను మీద ఎక్కి కూర్చుంది. చెయ్యి నొప్పిగా ఉందా?

పిట్ట

*

మేడ మీది గది
మే

పిట్టా,

చెయ్యి బాగానే ఉంది. బల్ల కాలు ఒకటి పొట్టి. ఎప్పటి నుంచో పొట్టిదే, ఈ మధ్య ఇంకా పొట్టిదైనట్టుంది. పెన్ను కూడా మంచిది కాదు. అక్షరాలు పెద్దవిగా పడుతున్నాయంటే పెన్ను వల్లే. నువ్వు వాటిని చూడకు, సంగతి చూడు.

చుక్కలు తగ్గినందుకు నిన్ను మెచ్చుకున్నారని విని, చదివి, ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. జూన్ దాకా ఎలాగోలా లాక్కురావాలి పిట్టా. తర్వాత ఏమైనా ఫరవాలేదు.

ఒక్క చిక్కు. కుట్టుపని ఆవిడ కూతురికి నెలలు నిండాయి, పురుడు పోయడానికి వెళ్తోంది. ఎన్నాళ్లో తెలియదు. నాకెందుకు దిగులంటే, మరేం లేదు, సాయంత్రాలు కాలక్షేపం ఉండదు. "కూతురి పురుడుకు తల్లి వెళ్తుంటే ఏడుస్తావేమిటే?" అని వదిన ఎగతాళి చేస్తోంది. నేను ఏడవలేదు. కళ్లలో నీరు ఊరికే కారుతోంది, అంతే. దుమ్ము.

మీ అమ్మకు చెప్పకు, దుమ్ముకు కూడా మందు పోస్తుంది.

మీ అమ్మమ్మ

*

గదిలో, మంచం మీద
జూన్

అమ్మమ్మా,

జ్వరంతో పడి ఉన్నాను. వారం దాటింది. రాత్రిపూట బాగా పెరుగుతోంది, పొద్దునకు చెమటలు పట్టి దిగుతుంది. అమ్మ సెలవు దొరక్క ఫోన్లోనే మందులు చెబుతోంది. గది అమ్మాయి గంజి కాచి పెడుతోంది. నీకు రాయకూడదనుకున్నాను, నిద్రపోవు కదా. కాని ఎప్పుడో తెలిస్తే ఇంకా బాధపడతావని రాస్తున్నాను.

ఇంకోటి. ఆ ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. ఏప్రిల్ పేజీల్లో ఒక్కో వాక్యాన్ని కౌంటర్‌లో ఆమె రెండు మూడుసార్లు చదువుకోవాల్సి వస్తోందట, ఈలోపు లైను పెరిగిపోతోందట. "మీ బయటి మనిషి ఇక్కడ ఆగలేదా?" అని అడిగారు సారు. లేదన్నాను. నాకేం అర్థం కావడం లేదు. నిజంగా నువ్వు అక్కడ ఆగలేదా?

జ్వరంలోనే ఆఖరి కట్ట ప్రింట్ తీయించి పంపుతున్నాను. నెలాఖరు దగ్గరపడింది.

పిట్ట

*

మేడ మీది గది
జూన్

పిట్టా,

నీ ఉత్తరం అందింది. అన్నీ వివరంగా రాశావు, చాలా సంతోషం. మీరందరూ ఇలాగే చల్లగా ఉండాలి. మీ ఆఫీసు కబుర్లు బాగున్నాయి. ఇక్కడ మేమిద్దరం క్షేమం.

ఈ కట్ట కూడా పంపుతున్నాను. అన్ని పేజీలూ చాలా బాగున్నాయి. ఎక్కడా ఆగలేదు. ఒక్కచోట మాత్రం కొంచెం ఆగి చుక్క పెట్టాను, పెద్ద తప్పేం కాదు. నువ్వు బాగున్నావని తెలిసి మనసు కుదుటపడింది. ఈ రెండు రోజులూ హాయిగా నిద్రపోయాను.

మీ అమ్మమ్మ

*

ఆఫీసు
జూన్

అమ్మమ్మా,

మార్కర్ పెన్నుతో రాస్తున్నాను. ఒక్కో కాగితానికి నాలుగైదు మాటలే పట్టాయి. కిటికీ దగ్గర పెట్టుకుని, ఒక్కొక్కటే చూడు.

నాకు జ్వరం అని రాశాను. నువ్వు హాయిగా నిద్రపోయానని రాశావు.

గది అమ్మాయి పంటికి అక్కడ దవడ పట్టుకున్నదానివి నువ్వు. ఆ ఒక్క వాక్యం మళ్లీ చదివాను.

తర్వాత కట్ట విప్పాను. మధ్యలో ఒక కాగితం తెల్లగా ఉంది. నేను ప్రింట్ తీసేటప్పుడు ఖాళీ కాగితం కలిసిపోయింది. జ్వరంలో చూసుకోలేదు. ఆ ఖాళీ కాగితం నట్టనడుమ చుక్క ఉంది. కట్ట మొత్తానికి ఉన్న ఒకే ఒక్క చుక్క.

ఎప్పటి నుంచి కనిపించడం లేదు అమ్మమ్మా?

ఏప్రిల్ నుంచేనా? కుట్టుపని ఆవిడ చదివి వినిపించిందా? ఆగాల్సిన చోట ఆవిడే ఆగి, సర్ది చదివింది. నీకేం తగల్లేదు.

అందరికీ చూపించాను ఆ పేజీలు. నాకు పని పట్టుబడిందనుకున్నాను.

ఏప్రిల్ నుంచి వచ్చిన మూడు కట్టలూ పట్టుకెళ్లి సారు బల్ల మీద పెట్టి, ఇవి పాస్ కాలేదని చెప్పేశాను. ఏమంటారో ఇంకా తెలియదు.

అమ్మకు కూడా చెప్పేశాను. తిట్టుకో.

జ్వరం తగ్గింది.

పిట్ట

*

మేడ మీది గది, కిటికీ దగ్గర
జూలై

పిట్టా,

ముందు జ్వరం సంగతి చెప్పు. పూర్తిగా పోయిందా, పొద్దున పోయి రాత్రి వస్తోందా? నాలుక చేదుగా ఉందా? రక్తం చూపించావా? నువ్వు అక్కడ కాలిపోతుంటే నేను ఇక్కడ ఒళ్లెరగకుండా నిద్రపోయాను. నీ కోసం దిగులుపడాల్సిన రోజుల్ని కూడా నాకు లేకుండా చేసుకున్నాను.

పోస్టాయన నీ కట్ట ఇస్తూ, "ఏమిటమ్మా, పెళ్లి శుభలేఖలా?" అన్నాడు. కాగితాలన్నీ మంచం మీద పరిచాను. వదిన ఒక్కొక్కటి ఎత్తి వెలుతురుకు పట్టుకుంది, తలకిందులుగా. "తిప్పు వదినా" అంటే, "నాకు ఎటు చూసినా ఒకటేనే" అంది. ఆ మాటకు నవ్వబోయి ఏడ్చాను. తెల్ల కాగితం మీద చుక్క సంగతి చదివాక కాసేపు ఎత్తి పట్టుకోవద్దన్నాను.

అవును, ఏప్రిల్ నుంచే. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది. పాలు కాచిన గిన్నె మూత లోపలి నుంచి చూసినట్టు ఉంటుంది లోకం. పొయ్యి కట్టేశానో లేదో కళ్లతో కాదు, చేత్తో చూసుకుంటున్నాను. కుట్టుపని ఆవిడ అలసిపోయి వచ్చి కూడా చదివేది. ఆవిడ చదివితే అన్నీ తేటగా ఉండేవి. నీ దిద్దుబాటే అనుకున్నాను, నిజంగా. ఆవిడ వెళ్లాక మాత్రం నేను చేసింది మోసమే. నీ ఉత్తరం ఎవరి చేతనైనా చదివించుకుందామంటే, పోస్టాయనను అడగడానికి నోరు రాలేదు. అడిగితే కళ్ల సంగతి వీధికి తెలుస్తుంది, వీధి నుంచి మీ అమ్మకు తెలుస్తుంది. ఏదో ఉత్తరం కదా, బాగున్నానని రాసి ఉంటావులే అనుకున్నాను. నా బతుకులో మొట్టమొదటిసారి మంచి జరిగి ఉంటుందనుకున్నాను, చూడు ఏమైందో.

చెప్పి ఉంటే పోయేదిగా అంటావు. చెబితే, "పాపం అమ్మమ్మా, నువ్వు విశ్రాంతి తీసుకో" అంటావు, ఇంకొకరిని వెతుక్కుంటావు. జూన్ మీదికి వచ్చింది, కొత్త మనిషి దొరక్కపోతే నీ బల్ల పోతుంది. ఆ భయం ఒకటి. దొరికితే ఎలా అని ఇంకొకటి. రెండోదే పెద్దది. దాన్ని ఎవరికి చెప్పుకోను?

మీ అమ్మ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పకుండానే నా కనురెప్పలు ఎత్తి చూసింది. "వీధిలో పిల్లి తుమ్మితే నిద్రపోవు, నీ కళ్లు పోతుంటే నోరు మూసుకున్నావా అమ్మా?" అని అరిచి, వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమింది. అక్కడ ముక్కు చీదడం నా మొద్దు చెవికి కూడా వినిపించింది. డాక్టరు శుక్లాలన్నాడు. ఆపరేషన్ అన్నాడు. ఒక్కో కన్నుకు విడివిడిగా. కోస్తుండగా తుమ్మొస్తే ఏం చేస్తారని అడిగాను. "ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నాడు. చూసి చెబుతామని వచ్చేశాం.

నీ ఉద్యోగం ఏమైంది? అది చెప్పకుండా నా కళ్ల గురించి మాట్లాడకు.

మీ అమ్మమ్మ

*

ఆఫీసు, ప్రింటర్ పక్క బల్ల
జూలై

అమ్మమ్మా,

మళ్లీ మార్కరే. పక్క బల్ల అతను కాగితాలు అందిస్తున్నాడు. గది అమ్మాయి పన్ను పీకేశారు, నీ దవడకు చెప్పు.

బల్ల నాదే. ప్రస్తుతానికి. మూడు కట్టలు మొదటి నుంచీ మళ్లీ దిద్దాలి. పరీక్ష అక్టోబరు దాకా పొడిగించారు. ఉంచుతామనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. "తెల్ల కాగితం చూశాక కూడా మాట్లాడకుండా ఉండొచ్చు కదా, ఎందుకు తెచ్చి చెప్పావు?" అన్నారు సారు. లైనులో నిలబడే వాళ్లలో రేపు మా అమ్మమ్మ కూడా ఉండొచ్చన్నాను.

బయటి మనిషి పేరు మార్చమని చిన్న కాగితం ఇచ్చారు. మార్చలేదు. కళ్లు బాగయ్యేదాకా ఆగుతారా అని అడిగాను. "సెప్టెంబరు దాకా ఆగుతాం" అన్నారు. కాబట్టి, వినబడుతోందా, నీ కోసం మా ఆఫీసు ఆగి ఉంది. ఇంటి ఓనర్ చుక్కలు నాకు అక్కర్లేదు.

అమ్మ ఆ డాక్టరుతో మాట్లాడింది. ఆగస్టు పద్దెనిమిది సోమవారం ఖాళీ ఉందట. తుమ్ము వచ్చేలా ఉంటే ముందే చెయ్యి పిండమన్నాడట, ఆయన ఆగుతాడట. నీ చెయ్యి ఆయన చేతిలో ఉండదు కదా. నా చేతిలో ఉంటుంది. నువ్వు పిండితే నేను చెబుతాను.

ఎప్పుడు రమ్మంటావో నువ్వే తేదీ రాయి. నువ్వు రాస్తేనే టికెట్ తీస్తాను.

పిట్ట

*

మేడ మీది గది
జూలై

పిట్టా,

తేదీ రాయమని నాలుగు రోజుల నుంచి వదిన వెంటబడుతోంది. కుట్టుపని ఆవిడ వచ్చేసింది. మనవరాలు పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు, కాని బిడ్డ ఎక్కువ నిద్రపోతోందట, అది నాకు నచ్చలేదు. "తేదీ చెప్పమ్మా, నేను రాసిపెడతాను" అంది. వద్దన్నాను. ఇది నా చేత్తోనే రాయాలి, లైను జారినా సరే. బల్ల కాలు కింద వదిన అట్టముక్క పెట్టింది. అది నిజంగానే పొట్టి, నేనేం అబద్ధమాడలేదు.

భయాలు కొన్ని మిగిలి ఉన్నాయి. డాక్టరుకు ఆ రోజు జలుబు చేస్తే? కరెంటు పోతే? కట్టు విప్పాక నిన్ను చూసి, ఇంత చిక్కిపోయావా అని నా గుండె ఆగితే? నువ్వు వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటులో కూర్చోకు, చెయ్యి బయట పెట్టకు. దిద్దిన పేజీలు ఒక కట్ట తెచ్చుకో. మొదటి కంటి కట్టు విప్పగానే వద్దులే, రెండో రోజు చూద్దాం. చుక్కలు ఎన్ని పడినా నువ్వు ఏడవకూడదు. ఈసారి చూడకుండా పెట్టను.

పెద్దమ్మమ్మ, "ఆపరేషన్‌కు ముందు రోజు రమ్మను చాలు" అంటోంది. ఆవిడకు ఎప్పుడూ అంతా చాలే. నాకు చాలదు. రెండు రోజులు ముందు రా. ఒక రోజంతా నేను భయపడతాను, నువ్వు పక్కన ఉండు. రెండో రోజుకు తగ్గుతుంది.

ఉండు, గడియ చూసి వస్తాను.

వేసే ఉంది.

తేదీ రాసి పక్కన పెన్సిల్‌తో చుక్క పెడుతున్నాను. నాకిక దాని అవతలికి చదవడం చేతకాదు. నువ్వు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా అక్కడే ఆగి ఉంటాను.

ఆగస్టు పదహారు, శనివారం •